గంట కొట్టేవాడు రాజమండ్రి ట్రైనింగుకి వెళ్ళొచ్చిన వైనం

ఇందుమూలముగా సకల ప్రయాణికులకు తెలియజేయడమేమనగా: నరసాపురం నుంచి రాజమండ్రి పోవు బస్సులో ఉదయం పూట ఎడమ చేతి పక్క సీటులోనే కూర్చోవలెను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కూడా ఎడమ చేతి పక్కనే కూర్చోవలెను. రెండు పూటలా ఎండ కుడి పక్క వారి మీదనే పడును. ఇది ఎన్నో ఏళ్ళు కుడి పక్క కూర్చుని మాడిన మీదట నేను స్వయముగా కనిపెట్టిన సత్యము కావున, దీనిని ధిక్కరించి, నల్లబడిన ముఖంతో పెళ్ళిచూపులకు వెళ్ళి భంగపడిన వారికి ఈ బ్లాగు ఎటువంటి బాధ్యతా వహించదు. ఇట్లు, సత్తిబాబు, టెన్త్ ఫెయిలు.

ఉత్తర్వు అయిపోయింది. ఇక నాలాంటివాడు ట్రైనింగుకి ఎందుకు వెళ్ళాడో చెప్పాలి. నరసాపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నేను అటెండర్ని. గంట కొట్టడం, గేటు తియ్యడం, చెత్తబుట్టలు ఖాళీ చెయ్యడం, మాస్టార్లని ఏడిపించడం నా డ్యూటీలు. నాలుగోది ఎవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను. మా గంట మామూలు గంట కాదు, అడుగున్నర రైలు పట్టా ముక్క. వరండా దూలానికి గొలుసుతో వేలాడుతుంది. ఇనప కడ్డీతో కొడితే రెండు వీధుల అవతల నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

మూడో తరగతిలో హారిక అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. మాట తక్కువ. పిలిస్తే పలకదు గానీ, గోడ మీద క్యాలెండరు చూడకుండా ఏ తేదీ ఏ వారమో చెప్పేస్తుంది. వాళ్ళమ్మ నాగమణి గారు ఇంట్లో లేసు అల్లి పిల్లని చదివిస్తోంది. డాక్టరు గారు పిల్లకి ఆటిజం అని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం మా స్కూలు బీరువాలోకి వెళ్ళింది గానీ ఎవరి బుర్రలోకీ వెళ్ళలేదు. హారిక ఆ ఏడాది రెండుసార్లు క్లాసులోంచి లేచి గేటు దాటి పరిగెత్తింది. రెండోసారి కాలవ గట్టు దాకా వెళ్ళిపోయింది. నేనే వెంటపడి, నీళ్ళకి నాలుగడుగుల దూరంలో పట్టుకున్నాను. మా హెడ్మిస్ట్రెస్ మేడమ్ గారు ఆ సాయంత్రమే టీసీ రాసి డ్రాయర్లో పెట్టేశారు. సంతకం ఒక్కటే తక్కువ. "రేపు ఏమన్నా అయితే సమాధానం చెప్పుకోవలసింది నేను కదమ్మా" అన్నారు నాగమణి గారితో. ఆ మాటా అబద్ధం కాదు. టీసీ తీసుకుంటే ఊళ్ళో ఇంకే స్కూలూ ఆ పిల్లని చేర్చుకోదు. అప్పటికే రెండు స్కూళ్ళు కాదన్నాక మా దగ్గరికి వచ్చింది.

అప్పుడు నాగమణి గారు ఒక ఉత్తరం తెచ్చింది. పిల్లని చూపించుకునే రాజమండ్రి సంస్థవాళ్ళు, ఇలాంటి పిల్లలున్న స్కూళ్ళ సిబ్బందికి శనివారం ఒక్కరోజు ట్రైనింగు పెడుతున్నారు, ఫీజు లేదు, భోజనం వాళ్ళదే. మేడమ్ గారి కళ్ళజోడు ఆ రోజు రిపేరుకిచ్చారు. "చదవవయ్యా సత్తిబాబూ" అన్నారు. చదివాను. స్కూలుకి ఇద్దరు రావాలిట, ఒకరు క్లాసు టీచరు, రెండోవారు గంట, గేటు చూసుకునే సిబ్బంది.

"గంట కొట్టేవాడికి ట్రైనింగేంటయ్యా? కడ్డీ పట్టుకోవడం నేర్పుతారా?"

"ఏమోనండి. ఉత్తరంలో అలా ఉందండి."

నాగమణి గారు నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. మేడమ్ గారు నిట్టూర్చి, "సరే, వెళ్ళి రండి. సోమవారం నుంచి వారం రోజులు చూస్తాను. మార్పు లేదా, సంతకం పెట్టేస్తాను" అన్నారు.

శనివారం పొద్దున్న ఐదూ నలభై ఐదుకి నరసాపురం కాంప్లెక్సులో ఎక్స్‌ప్రెస్సు ఎక్కాం. నేనూ, మూడో తరగతి వరలక్ష్మి టీచరూ. ఆ రోజుల్లో టిక్కెట్టు మనిషికి నలభై లోపే. పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ మీదుగా వెళ్తుంది. సిద్ధాంతం దగ్గర ఒక గోదావరి, రావులపాలెం దాటాక ఇంకో గోదావరి, మధ్యలో పది నిమిషాలు టిఫినుకి ఆగుతుంది. మూడు గంటల ప్రయాణం. వరలక్ష్మి టీచరు బీయీడీ, బెత్తం పట్టని మనిషి గానీ చూపు చాలు. గొడుగూ, సంచీ, నీళ్ళ సీసాతో యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. పాలకొల్లు దాటగానే నా నోరు ఊరుకోలేదు.

"టీచరు గారూ, సాయంత్రం పరీక్షుందిటండీ. ఫెయిలైనవాళ్ళ పేర్లు స్కూలుకి పంపిస్తారుట."

"పరీక్షేంటండీ! ఎవరు చెప్పారు?"

"డిపార్ట్‌మెంటులో మనవాడున్నాడు లెండి."

పాపం, సిద్ధాంతం బ్రిడ్జి వచ్చేదాకా సంచిలోంచి పిల్లల మనస్తత్వం పుస్తకం తీసి చదువుకుంటూనే ఉంది. కింద గోదావరి మీద పొద్దెక్కుతుంటే ఒక్కసారి తలెత్తి చూడలేదు. టిక్కెట్లు చూడటానికి వచ్చిన కండక్టరు గారు, "అమ్మగారు ఏం పరీక్ష రాస్తున్నారండీ?" అని అడిగారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. టీచరు పుస్తకం మూసి, "మీకు ఇంట్లో బుద్ధి చెప్పేవాళ్ళు లేరా సత్తిబాబు గారూ?" అంది.

"ఉందండి, మా ఆవిడ. ఆవిడే అలిసిపోయి మిమ్మల్ని నమ్ముకుంది."

రావులపాలెంలో దిగి పెసరట్టు తినండి. మూడేసి ముక్కలు చేసి అల్లం పచ్చడితో ఇస్తాడు, డ్రైవరు హారను కొట్టేలోపు అయిపోతుంది. గోదావరి రెండోసారి దాటాక కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలు. మొక్కలెత్తుకుని లారీలు రోడ్డెక్కడానికి తొందరపడుతుంటాయి, అక్కడ బస్సు పావుగంట ఇరుక్కుంటుంది. ఆ పావుగంట కలుపుకుని బయల్దేరండి. ఎనిమిదీ యాభైకి రాజమండ్రిలో దిగాం. దానవాయిపేట వెళ్ళడానికి ఆటో ముప్ఫై అడిగాడు. "ఇద్దరం మాస్టార్లమయ్యా" అంటే, "మాస్టార్లయితే నడవాలండి, ఆరోగ్యం" అన్నాడు. నాకు తగ్గవాడే దొరికాడని ముప్ఫై ఇచ్చేశాను.

ట్రైనింగు ఒక కల్యాణమంటపం మేడ మీద. రిజిస్ట్రేషను బల్ల దగ్గరమ్మాయి మా స్కూలు పేరు చూసి, "మీకు ఫైలు ఒక్కటే ఉందండి, ఇద్దరూ కలిసి చూసుకోండి" అంది. హాల్లో పాతికమంది దాకా ఉంటారు, అందరూ టీచర్లే. నేను బుద్ధిగా వెనక వరసలో కూర్చున్నాను, వెనక వరస నా పుట్టిల్లు. చెప్పే ఆవిడ పేరు శారద గారు. నూలు చీర, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. మైకు కూడా వాడలేదు. "ముందు మీ కష్టం చెప్పండి" అన్నారు. ఒకాయన, పిల్లాడు గంటసేపు ఫ్యానే చూస్తాడన్నాడు. ఒకావిడ, పిల్ల అన్నం తెల్లదైతేనే తింటుందంది. మా టీచరు లేచి హారిక పరుగు సంగతీ, డ్రాయర్లో టీసీ సంగతీ చెప్పింది.

శారద గారు అన్నీ విని, "ఒకరెవరైనా వచ్చి నాలుగు లైన్ల డిక్టేషను రాయాలి. మూడో తరగతి తెలుగు" అన్నారు. ఎవరూ కదల్లేదు. నాకు చొరవెక్కువ. వెళ్ళి ముందు కుర్చీలో కూర్చుని, "నేను డిక్టేషన్లో ఫస్టండీ, లెక్కల్లోనే పోయింది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ హాల్లో నేను నవ్వించడం అదే ఆఖరిసారి.

చొక్కా కాలరు లోపల గరుకు గోనెగుడ్డ పెట్టారు. కుడి చెవి పక్కన ఒక ట్రాన్సిస్టరు, ఎడమ చెవి పక్కన ఇంకో ట్రాన్సిస్టరు, రెండిట్లో రెండు స్టేషన్లు. ఒకాయన నా ముఖం మీద టార్చిలైటు ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాడు. ఒకావిడ నా వెనకాల స్టీలు కంచం మీద చెంచాతో గీకింది. శారద గారు మామూలు గొంతుతో "ఆవు పచ్చిక మేయును" అని మొదలుపెట్టారు. మొదటి లైను రాశాను. రెండో లైనులో ఆవు ఉందో, గేదె ఉందో వినపడలేదు. "రాయండి మాస్టారూ, ఎందుకు వినరు? పొగరా?" అన్నారు ఆవిడ, అచ్చం మా స్కూల్లో అన్నట్టే. ఒక నిమిషం అయ్యుంటుంది. నేను పెన్సిలు గిరాటేసి, మెడ గోక్కుంటూ తలుపు దగ్గరకెళ్ళిపోయాను. వెళ్తున్నానని కూడా నాకు తెలీదు.

రేడియోలు కట్టేశారు.

"ఎక్కడికండీ మాస్టారూ?"

"బయటికండి."

"మీకు ఎవరూ టీసీ ఇవ్వర్లెండి. వచ్చి కూర్చోండి" అన్నారు శారద గారు.

అందరి చెవుల్లోకీ చప్పుళ్ళు ఒకేలా వెళ్ళవని, మనకి మామూలుగా ఉన్నది కొంతమందికి మేకులా గుచ్చుకుంటుందని, వాళ్ళకి ముందు తెలిస్తే తట్టుకుంటారని, తెలీకుండా మీద పడితే పారిపోతారని ఆవిడ చెప్పారు. తరవాత అందరికీ కాగితాలిచ్చి, "పిల్ల ఏం చేసిందో నాకొద్దు. చెయ్యడానికి సరిగ్గా ముందు ఏం జరిగిందో రాయండి" అన్నారు. వరలక్ష్మి టీచరు చకచకా రాసి నాకు చూపించింది. కాలవ గట్టు రోజుకి ఎదురుగా, "ఏమీ జరగలేదు. ఊరికే పరిగెత్తింది" అని ఉంది.

ఇప్పుడు నేనొకటి చెప్పాలి. ఇది నేను అప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ రోజు మా డ్రిల్లు మాస్టారు క్లాసు వదిలేసి ఇంటర్వెల్లుకి ముందే కాఫీకని గేటు దాకా వెళ్ళాడు. గంట కొట్టేసరికి ఆయన పిల్లల దగ్గర లేకపోతే మేడమ్ గారు ఊరుకోరు. ఆయన వెనక్కి పరిగెత్తుకొస్తుంటే చూడాలనిపించింది. గంట నాలుగు నిమిషాలు ముందు కొట్టాను. ఆయన పరిగెత్తాడు, నేను నవ్వాను. నవ్వుతుండగానే హారిక నా పక్కనుంచి గేటు దాటి వెళ్ళిపోయింది.

"టీచరు గారూ, ఆ కాగితం తప్పండి" అన్నాను. చెప్పేశాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి ఇనప కడ్డీ అయినా వంగేది. శారద గారు వచ్చి మా పక్కన కూర్చుని, "మామూలు రోజుల్లో గంటకి ముందు ఆ పాప ఏం చేస్తుందండీ?" అని టీచర్నే అడిగారు.

"చెవులు మూసుకుంటుందండి" అంది వరలక్ష్మి టీచరు. "పాఠం చివర్లో రోజూ అదే పని. నేను చేతులు తీయించేస్తాను, వినాలి కదండీ, ..." అని ఆగిపోయింది. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "బోర్డు మీద గడియారం ఉందండి. అది చూసుకుని... ఒక నిమిషం ముందు..."

"సిద్ధమవుతోందన్నమాట" అన్నారు శారద గారు. తిట్టినా బాగుండేది. తిట్లు నాకు అలవాటే.

భోజనాల దగ్గర ముద్దపప్పు, పులుసు, వంకాయ వేపుడు. వడ్డించే పెద్దావిడ నా విస్తరి చూసి, "ఏంటి బాబూ, తినట్లేదు, ఉప్పు తక్కువైందా?" అంది. "లేదమ్మా, ఎక్కువే పడింది" అన్నాను. మధ్యాహ్నం నుంచి మాత్రం నేను ముందు వరసలో కూర్చున్నాను. గంటకి ముందు ఒక గుర్తు చూపించాలి, రోజూ అదే గుర్తు, అదే టైము. చెవులు మూసుకుంటే మూసుకోనివ్వాలి. చప్పుడు తగ్గించే దారి ఉంటే తగ్గించాలి. పిల్లని మార్చే ముందు గదిని మార్చి చూడండి, అన్నారు. నాలుగున్నరకి అయిపోయింది. వరలక్ష్మి టీచరు మెట్లు దిగుతూ, "పరీక్ష పెట్టలేదేం మరి?" అంది. "అయిపోయిందిగా అండీ, ఇద్దరం ఫెయిలయ్యాం" అన్నాను. పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది.

ఐదింటి బస్సులో, ఎడమ పక్కనే కూర్చుని తిరిగొచ్చాం. రావులపాలెంలో ఆగిన పది నిమిషాల్లో నేను సైకిలు షాపుకి పరిగెత్తాను.

"పాత ట్యూబొకటి ఇవ్వండి."

"ఏ సైకిలుకండీ?"

"సైకిలుకి కాదండి, గంటకి."

"గంటకి ట్యూబేంటండీ బాబూ, గాలి కొడతారా?"

"గాలి తీసెయ్యడానికండి" అని, అది పట్టుకుని బస్సు కదులుతుంటే ఎక్కాను.

ఆదివారం స్కూలుకెళ్ళి ఆ ట్యూబుని కోసి కడ్డీకి నాలుగు పొరలు చుట్టి తాడు కట్టాను. ఠంగుమనే గంట దబ్బుమంది. సోమవారం మేడమ్ గారు మూడో తరగతికి ఎదురుగా వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గేటు బయట నాగమణి గారు లేసు పట్టుకుని నిలబడింది, చేతిలో అల్లే కొక్కెం మాత్రం కదలట్లేదు. ఇంటర్వెల్లుకి రెండు నిమిషాలుందనగా నేను క్లాసు గుమ్మంలోకి వెళ్ళి రెండు వేళ్ళు చూపించాను. "హారికా, రెండు నిమిషాల్లో గంట" అంది టీచరు. హారిక నా వేళ్ళు చూడలేదు, గడియారం చూసింది. నిమిషం ముందు చేతులు చెవుల మీదకెళ్ళాయి. టీచరు చెయ్యి అలవాటుగా లేచింది. లేచి, చాక్‌పీసు ముక్క తీసుకుని ఊరుకుంది.

నా చేతిలో కడ్డీ అంత బరువుగా ఎప్పుడూ లేదు. కొట్టాను.

హారిక కూర్చునే ఉంది. కొంచెంసేపటికి చేతులు తీసి, డబ్బా మూత విప్పి, బిస్కెట్టు గుండ్రంగా అంచు నుంచి కొరకడం మొదలుపెట్టింది.

మేడమ్ గారు కుర్చీలోంచి లేచి, "సత్తిబాబూ, ఆ గంటేంటయ్యా, జ్వరమొచ్చినట్టు మోగుతోంది?" అన్నారు.

"ఆయ్, ఇన్నాళ్ళూ ఉన్న జ్వరం తగ్గిందండి."

టెన్త్ క్లాసువాళ్ళకి గంట వినపడక రెండు నిమిషాల ఇంటర్వెల్లు పోయిందని గోల చేశారు. వాళ్ళకి వేరే పోయి చెప్పి రావడం నా కొత్త డ్యూటీ అయింది. ప్రేయరులో హారిక ఇంకా నిలబడదు, వానొస్తే బెంచీ కింద దూరుతుంది. అవి ఇంకా ఉన్నాయి. కానీ ఆ వారంలో ఒక్కసారి కూడా గేటు వైపు వెళ్ళలేదు. శనివారం సాయంత్రం ఆఫీసు గదిలో చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే అడుగున నాలుగు ముక్కలుగా చింపిన టీసీ కనపడింది. చీపురు గోడకానించి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

తరవాతి గురువారం గేటు దగ్గర పాలవాడితో మాటల్లో పడి అర నిమిషం ఆలస్యంగా వెళ్ళాను. గుమ్మంలో వేళ్ళు ఎత్తేలోపు హారిక గడియారం వంకే చూస్తూ, "సత్తిబాబు లేటు" అంది. ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది. గారు లేదు, అండి లేదు. మా స్కూల్లో ఇంతమందిని ఇన్నేళ్ళు ఏడిపించాను గానీ, నన్ను ఒక్క మాటతో కూర్చోబెట్టింది ఆవిడే. ఆ తరవాత నా గంట ఎప్పుడూ నిమిషం ముందూ లేదు, నిమిషం వెనకా లేదు. డ్రిల్లు మాస్టార్ని ఏడిపించడానికి వేరే దార్లు చాలా ఉన్నాయి.

ఇలాంటి ట్రైనింగుకి మీ స్కూలు నుంచి ఎవరైనా వెళ్తుంటే నాదొక్కటే సలహా. టీచర్ని ఒక్కర్నీ పంపకండి. గంట కొట్టేవాణ్ణో, ఆయమ్మనో, వ్యాను డ్రైవరునో కూడా తీసుకెళ్ళండి. పిల్లలు క్లాసులో ఉన్నంతసేపూ టీచరు చూస్తుంది, పారిపోయేటప్పుడు ఎదురుగా ఉండేది మేమే. పరిగెత్తించేది కూడా ఒక్కోసారి మేమే. ఐదూ నలభై ఐదు బస్సు తప్పితే మళ్ళీ ఆరున్నరకి ఉంది గానీ, దానికెళ్తే డిక్టేషను అందదు.

ఇంకొక్క మాట చెప్పి కట్టేస్తాను, నెట్ సెంటరువాడు టైమైందంటున్నాడు. పైన నేను చదివానన్న ఉత్తరం ఉంది చూశారూ, అందులో ఉన్నది "స్కూలుకి ఒక టీచర్ని పంపగలరు" అని మాత్రమే. ఇద్దరు రావాలనీ, గంట కొట్టేవాడు కూడా రావాలనీ అందులో ఎక్కడా లేదు. అది నేను కళ్ళజోడు లేని మేడమ్ గారి ఎదురుగా నిలబడి, అప్పటికప్పుడు పుట్టించి చదివిన లైను. నాగమణి గారికి తెలుసు, ఉత్తరం తెచ్చింది ఆవిడే కదా.